మిగిలిన 720 పౌండ్లు

మా నాటకం బరువు 9,740 పౌండ్లు. డాలస్ ఊరవతల ఒక ట్రక్ స్టాప్‌లో, లారీలు తూచే కాటా మీద మా ట్రైలర్‌ని నిలబెట్టి తెచ్చుకున్న చీటీలో ఉంది ఆ అంకె. 24 అడుగుల ట్రైలర్. లోపల రంగులు వేసిన ఏడు తెరలు, వాటిని చుట్టే కర్రలు, ఇనప పైపుల ఫ్రేమ్, ఆ ఫ్రేమ్ పడిపోకుండా కాళ్ళ మీద పెట్టే ఇనప దిమ్మలు, లైట్లు, డిమ్మర్లు, కేబుళ్ళు, నాలుగు ట్రంకుపెట్టెల నిండా కిరీటాలూ గదలూ పట్టుబట్టలూ, ఒక సింహాసనం. కిలోల్లో అయితే నాలుగు వేల నాలుగు వందల పైమాటే.

మాది నాలుగు కుటుంబాల నాటక బృందం. ఏడాదికి ఐదారుసార్లు ఏదో ఒక ఊరి తెలుగు సంఘం పిలుస్తుంది. వెళ్ళి ‘మాయాబజార్’ ఆడి వస్తాం. పారితోషికం తీసుకోం, డీజిలూ భోజనాలూ వాళ్ళవి. నేను వేషం వెయ్యను. మా ఆయన శకుని వేస్తాడు, ఇంట్లో కూడా అప్పుడప్పుడూ. నాది ఖజానా. పగలు చేసే ఉద్యోగం కూడా అకౌంటింగే కాబట్టి ఈ పని నా నెత్తిన పడింది: ఆ ట్రైలర్‌ని లాగగలిగే, లోపల మనుషులు పడుకోగలిగే మోటార్‌హోమ్ ఒకటి వెతకాలి. అన్నీ కలిపి 45,000 డాలర్లు దాటకూడదు. కుటుంబానికి 11,250.

ముందే ఒక మాట చెప్పాలి. కేవలం డబ్బు లెక్క చూస్తే ఈ బండి కొనకూడదు. అప్పటిదాకా తెలిసినవాళ్ళ పికప్ ట్రక్కు అడిగి తెచ్చుకునేవాళ్ళం, వెళ్ళిన ఊళ్ళో హోటల్ గదులు తీసుకునేవాళ్ళం. ఆ పికప్ వాళ్ళు వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతున్నారు. సరే, మనమే ఒక పాత హెవీ డ్యూటీ పికప్ కొనుక్కుంటే సరిపోతుంది కదా, అది ఈ ట్రైలర్‌ని అవలీలగా లాగుతుంది కదా అంటే, నిజమే. సగం డబ్బుతో పని అయిపోతుంది.

పికప్‌లో కుదరనిది మాస్టారికి.

మాస్టారు మా హార్మోనిస్టు. 74 ఏళ్ళు. తెనాలి వైపు నాటక సమాజాల్లో చిన్నప్పట్నుంచీ వాయించిన మనిషి, కొడుకు దగ్గరకి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పద్యం అందుకునేవాడి గొంతు ఈ రోజు ఎంతవరకూ వెళ్తుందో మొదటి పాదంలోనే కనిపెట్టి, వాడికి తెలియకుండా శ్రుతి అర మెట్టు దించగలరు. ఆయనకి వెన్నుపూస ఆపరేషన్ అయింది, షుగర్ ఉంది, గంటకోసారి బాత్‌రూమ్ కావాలి. కిందటేడు ఆర్కన్సాలోని బెంటన్‌విల్ నుంచి కార్లో తిరిగొచ్చాక, మెట్ల దగ్గర కాసేపు నిలబడి, “ఇహ నావల్ల కాదమ్మాయ్, ట్రాక్ పెట్టుకోండి” అన్నారు. రికార్డు చేసిన ట్రాక్‌తో పౌరాణికం ఆడొచ్చు. చాలామంది ఆడుతున్నారు. కానీ ట్రాక్ ఎవరి కోసమూ అర మెట్టు దిగదు. నాటకం ఆడటం మానేసి, నాటకానికి పెదాలు కదపడం మొదలుపెడతాం. అందరం కూర్చుని మాట్లాడుకుంటే తేలిన విషయం ఇదొక్కటే. ఆ తర్వాతే నేను బళ్ళు చూడటం మొదలుపెట్టాను.

*

అమెరికాలో మోటార్‌హోమ్‌లని మూడు తరగతులుగా చెప్తారు. క్లాస్ బి అంటే వ్యాన్‌ని ఇల్లుగా మార్చింది. క్లాస్ సి అంటే ముందు భాగం వ్యాన్‌లాగే ఉండి, వెనక పెట్టెలాంటి ఇల్లు కట్టినది, డ్రైవర్ నెత్తిమీదకి ఒక మంచం పొడుచుకొచ్చి ఉంటుంది. క్లాస్ ఎ అంటే బస్సు ఆకారంలో ఉండేది. అందులో పెట్రోలు ఇంజిన్ ముందుండేవి ఒక రకం, డీజిల్ ఇంజిన్ వెనకుండేవి ఇంకో రకం. ఈ రెండో రకాన్ని డీజిల్ పుషర్ అంటారు. అమ్మకం ప్రకటనల్లో పొడుగు, పడకలు, టీవీలు, కిచెన్ కౌంటర్ రాయి పేరూ ఉంటాయి. ఎంత బరువు లాగుతుందో చాలా వాటిలో ఉండదు, ఉన్నా ఒక్క అంకె ఉంటుంది. ఆ ఒక్క అంకె సరిపోదు.

చూడాల్సినవి నాలుగు. ఒకటి, బండి తనలో ఉన్న సామాన్లూ మనుషులతో కలిపి ఎంత బరువు ఉండొచ్చో చెప్పేది, జీవీడబ్ల్యూఆర్. రెండు, బండీ ట్రైలరూ కలిపి ఎంత ఉండొచ్చో చెప్పేది, జీసీడబ్ల్యూఆర్. మూడు, వెనక ట్రైలర్ తగిలించే హిచ్ ఎంత మోస్తుందో. నాలుగు, ఒక్కో ఇరుసు ఎంత మోస్తుందో. ఈ నాలుగింటిలో ఏది ముందు అయిపోతే అదే మన పరిమితి. మిగతా మూడూ ఎంత గొప్పగా ఉన్నా లాభం లేదు.

దీనికి తోడు టంగ్ వెయిట్ అని ఇంకోటుంది. ట్రైలర్ ముక్కు హిచ్ మీద మోపే బరువు. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాకా ఉండాలి. తక్కువైతే ట్రైలర్ రోడ్డు మీద పాములాగా ఊగుతుంది. మా 9,740కి అది 974 నుంచి 1,461 పౌండ్లు. ఇది ట్రైలర్ బరువే అయినా బండి మోయాల్సిన బరువు, అంటే జీవీడబ్ల్యూఆర్‌లోకే వస్తుంది.

నాకు మొదట దొరికింది 31 అడుగుల క్లాస్ సి, ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టింది. ముచ్చటగా ఉంది, ధర బడ్జెట్‌లో ఉంది. ఈ ఛాసిస్ జీవీడబ్ల్యూఆర్ 14,500, జీసీడబ్ల్యూఆర్ 22,000. అమ్మేవాయన ఆ రెండో అంకె మీద వేలు పెట్టి, “ఇరవై రెండు వేలండీ, మీ ట్రైలర్ పది వేలు కూడా లేదు” అన్నట్టుగా మాట్లాడాడు. నేను కాగితం తీశాను. ఇంధనంతో ఖాళీ బండి 12,300. ఐదుగురు మనుషులు 750. 50 గ్యాలన్ల నీళ్ళు, గ్యాలన్‌కి 8.3 పౌండ్ల చొప్పున 415. బట్టలూ గిన్నెలూ బియ్యం హార్మోనియం 500. మొత్తం 13,965. జీవీడబ్ల్యూఆర్‌లో మిగిలింది 535. ట్రైలర్ ముక్కు ఒక్కటే 974కి తక్కువ లేదు. అంటే ట్రైలర్ తగిలించగానే, ఇంకా ఒక్క అంగుళం కదలకముందే, ఆ బండి పని అయిపోయింది. జీసీడబ్ల్యూఆర్ ప్రకారం మిగిలింది 8,035. హిచ్ మీద అతికించిన చీటీలో ఉన్నది 5,000.

ఇంకో సంగతి కూడా ఉంది. క్లాస్ సి బళ్ళలో వెనక ఇరుసు దాటాక ఇల్లు చాలా పొడుగ్గా వెనక్కి జరిగి ఉంటుంది. ఇరుసుకి 12 అడుగుల వెనక హిచ్ ఉందనుకోండి, ముందూ వెనకా ఇరుసుల మధ్య దూరం పద్దెనిమిదిన్నర అడుగులనుకోండి. హిచ్ మీద 1,000 పౌండ్లు పెడితే వెనక ఇరుసు మీద పడేది వెయ్యి కాదు, 1,650. ఆ పైన 650 ఎక్కడిదంటే, ముందు చక్రాల మీద నుంచి లేచింది. చిన్నప్పటి ఉయ్యాలబల్ల సూత్రమే. తిప్పాల్సిన చక్రాలు తేలికవుతాయి, మోయాల్సిన చక్రాలు కుంగుతాయి.

అయితే పెద్దది కొంటే ఎక్కువ లాగుతుంది కదా అనిపిస్తుంది. ఇక్కడే నాకు ఈ లెక్క సరదాగా అనిపించడం మొదలైంది. రెండోది 36 అడుగుల పెట్రోలు క్లాస్ ఎ. ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్, జీవీడబ్ల్యూఆర్ 22,000, జీసీడబ్ల్యూఆర్ 26,000. లోపల మనం నింపుకున్నాక ఆ ఇంటి బరువు 21,200 తేలింది. లాగడానికి మిగిలింది 4,800. అంతకన్నా చాలా చిన్నదైన క్లాస్ సి కన్నా తక్కువ! ఇంజిన్ ఒకటే శక్తి ఇస్తుంది. ఆ శక్తిని ఇల్లు ముందే వాడేసుకుంటే ట్రైలర్‌కి ఏం మిగులుతుంది? జీతం పెరిగింది కదా అని పెద్ద ఇల్లు కొన్నవాడి నెలాఖరు ఎలా ఉంటుందో అలా ఉంది దాని పరిస్థితి.

*

బృందంలో గొడవ ఈ పెట్రోలు బండి దగ్గరే మొదలైంది. అది అందంగా ఉంది. తెల్లటి క్యాబినెట్లు, సోఫా, రెండు వైపులా బయటికి జరిగే గదులు. మా లైట్లు చూసే అతనికి అది తెగ నచ్చింది. వాళ్ళావిడకి ఇంకా నచ్చింది. వాళ్ళు ఇచ్చే 11,250 వంటగది బాగు చేయించుకోవడానికి దాచుకున్న డబ్బు. “ఎలాగూ ఇంట్లో కిచెన్ పోయింది, కనీసం దీన్లో అయినా మంచి కిచెన్ ఉండనీ వదినా” అంది ఆ అమ్మాయి, నవ్వుతూనే. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. అంకెలున్నాయి కానీ అవి ఆ మాటకి సమాధానం కావు.

అమ్మేవాళ్ళ మాట ఒకటి అతని చేతికి దొరికింది: “అందరూ లాగుతూనే ఉన్నారు, ఏమీ కావట్లేదు.” హెల్పర్ స్ప్రింగులు వేయిస్తే కుంగదు, పెద్ద హిచ్ వెల్డింగ్ చేయిస్తే పది వేలైనా మోస్తుంది అని. స్ప్రింగులు వేస్తే బండి కుంగినట్టు కనపడదు, నిజమే. ఇరుసు మోయగలిగేది మాత్రం పెరగదు, బ్రేకులు పెద్దవి కావు. హిచ్ సంగతీ అంతే. చాలా మోటార్‌హోమ్‌లలో వెనక ఇరుసు దాటాక ఉండే ఫ్రేమ్, ఇల్లు పొడుగు చెయ్యడం కోసం తర్వాత అతికించింది. ఆ అతుకు బలం 5,000 అయినప్పుడు దాని చివర 10,000 మోసే కొక్కెం పెడితే, ఊడేది కొక్కెం కాదు, అతుకు.

“నీకు అన్నీ భయాలే అక్కా. మనకి ఎంత దూరం, ఏడాదికి ఆరు ట్రిప్పులు” అన్నాడతను. ఆరు ట్రిప్పుల్లో ఒకటి డెన్వర్. డాలస్ నుంచి అమరిల్లో మీదుగా వెళ్ళి న్యూ మెక్సికో, కొలరాడో సరిహద్దు దాటేచోట రటోన్ పాస్ వస్తుంది. 7,834 అడుగుల ఎత్తు. టర్బో లేని పెట్రోలు ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకీ దాదాపు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది, గాలి పల్చబడి. అక్కడికి వెళ్ళేసరికి ఇంచుమించు పావువంతు పోయినట్టే. ఎక్కడం ఫరవాలేదు, నెమ్మదిగా ఎక్కుతాం, వెనకవాళ్ళు తిట్టుకుంటారు. దిగడం సంగతేంటి?

దిగేటప్పుడు బండి బరువంతా వేడిగా మారి ఎక్కడో ఒకచోటికి పోవాలి. బ్రేకు నొక్కుతూ దిగితే ఆ వేడి బ్రేకుల్లోకి పోతుంది. కొంతసేపయ్యాక ఎంత నొక్కినా పట్టవు. మన ఘాట్ రోడ్లలో లారీవాళ్ళు ఏ గేర్లో ఎక్కితే ఆ గేర్లో దిగాలి అనేది ఇందుకే. డీజిల్ పుషర్లలో చాలావాటికి ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటుంది. పొగ బయటికి పోయే దారిని మూసి, ఇంజిన్ చేతే బండిని పట్టి ఉంచుతుంది. చక్రాల బ్రేకులు చల్లగా, అవసరానికి మిగిలి ఉంటాయి. ట్రైలర్‌కి కూడా సొంత బ్రేకులుండాలి. టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి అది చట్టం కూడాను. మాదానికి ఎలక్ట్రిక్ బ్రేకులున్నాయి. వాటికి ఎప్పుడు ఎంత పట్టాలో చెప్పే కంట్రోలర్ డ్రైవర్ దగ్గర ఉండాలి. ట్రైలర్ తెగి విడిపోతే దానంతటదే ఆగేలా చేసే బ్యాటరీ స్విచ్ పని చేస్తూ ఉండాలి.

ఇదంతా నేను బృందానికి చెప్తుంటే మాస్టారు ఒక పక్కన కూర్చుని వింటున్నారు. చివర్లో ఒకటే అన్నారు. వాళ్ళ సమాజం లారీలో తిరిగే రోజుల్లో, చుట్టిన తెరల మీదే పడుకునేవారట. “మెత్తగా ఉండేది. కానీ ఘాట్ దిగేప్పుడు డ్రైవరు బీడీ ముట్టించకపోతే మాకు నిద్రపట్టేది కాదు. వాడు బీడీ ముట్టించలేదంటే రెండు చేతులకీ పనుందన్న మాట.” అందరం నవ్వాం. ఆ పెట్రోలు బండి గురించి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. లైట్ల అతను మాత్రం వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు.

*

నిజానికి ఈ పనికోసమే చేసిన బళ్ళున్నాయి. పెద్ద లారీ ఛాసిస్ మీద ఇల్లు కట్టి, 20,000 పౌండ్లు కూడా లాగేలా చేస్తారు. రేసు కార్లవాళ్ళూ గుర్రాలవాళ్ళూ వాడతారు. నేను చూసినవాటిలో పాతవి కూడా లక్ష డాలర్ల పైమాటే. అవి చూసి పక్కన పెట్టేశాను. మిగిలింది పాత డీజిల్ పుషర్లు. అందులోనూ చిన్న ఇంజిన్‌వి చాలావాటికి హిచ్ 5,000 దగ్గరే ఆగిపోయింది. హిచ్ 10,000 ఉన్నవి మంచి కండిషన్లో 60,000 చెప్తున్నారు.

రెండు నెలలు ఇలా తిరిగాక నేను బళ్ళ వైపు చూడటం ఆపి ట్రైలర్ వైపు చూశాను. మేమందరం 9,740ని వాతావరణం లాగా, మార్చలేనిదిగా అనుకుంటున్నాం. ఒక శనివారం నలుగురం కలిసి ట్రైలర్ మొత్తం దింపి, బాత్‌రూమ్ తూకం యంత్రం మీద ఒక్కోటీ పెట్టాం. ఫ్రేమ్ కాళ్ళ మీద పెట్టే ఇనప దిమ్మలు 900 పౌండ్లు. ఏడాదంతా హైవేల మీద మేం ఇనుముని షికారు తిప్పుతున్నామన్న మాట. టెంట్లకి వాడే నీళ్ళ సంచులు కొన్నాం, వెళ్ళిన ఊళ్ళో కుళాయి దగ్గర నింపుకోవచ్చు, ఆట అయ్యాక పారబోసుకోవచ్చు. పాత లైట్లూ డిమ్మర్లూ రాగి కేబుళ్ళూ అమ్మేసి, ఆ డబ్బుకి కాస్త కలిపి ఎల్‌ఈడీలు తెచ్చాం. 400 తగ్గింది. ఇది ఒప్పుకున్నది లైట్ల అతనే. నాతో సరిగ్గా మాట్లాడటం మొదలుపెట్టింది కూడా ఆ రోజునుంచే.

సింహాసనం 180. గట్టి చెక్కతో మా బృందంలో ఒకాయన తన చేత్తో చేసింది, సింహాల జూలు కూడా చెక్కాడు. దాన్ని వదిలెయ్యమని అడగడం నావల్ల కాలేదు. ఆయనే రెండు రోజులు దాని చుట్టూ తిరిగి, “ఇది ఇంట్లో ఉంచుకుంటాన్లే” అన్నాడు. ఇప్పుడు దుర్యోధనుడు మడత కుర్చీ మీద, పైన కప్పిన జరీ బట్ట మీద కూర్చుంటాడు. ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళకి కూడా తేడా తెలియదు. దుర్యోధనుడికి తెలుస్తుంది.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన నాటకాల కుటుంబం తరాల తరబడి ఊరూరా తిరిగింది. పిల్లలు, వంటసామాను, తెరలు, మాయలూ మంత్రాలూ చూపించే సరంజామా అంతా వెంట వేసుకునే. వాళ్ళతో మమ్మల్ని పోల్చుకోవడం లేదు. మేం శనివారం ఆడి సోమవారం ఆఫీసుకి వెళ్ళేవాళ్ళం. కానీ తిరిగే నాటకానికి బరువు ఎప్పుడూ ఒక సమస్యే. దేన్ని మోసుకెళ్ళాలి, దేన్ని అక్కడే సంపాదించుకోవాలి, దేన్ని ఉన్నట్టు నటించాలి అని ప్రతి తరమూ తేల్చుకుని ఉంటుంది. మాకు ఆ పని కాటా చీటీ చేసిపెట్టింది. ట్రైలర్ 8,260కి దిగింది.

*

చివరికి దొరికింది 2003 నాటి 36 అడుగుల డీజిల్ పుషర్. కమిన్స్ 8.3 లీటర్ల ఇంజిన్, 330 హార్స్‌పవర్, ఆలిసన్ గేర్‌బాక్స్, ఎయిర్ బ్రేకులు, ఎగ్జాస్ట్ బ్రేక్. ముందు ఇరుసు 12,000, వెనక 17,500, మొత్తం జీవీడబ్ల్యూఆర్ 29,500. జీసీడబ్ల్యూఆర్ 39,500. హిచ్ 10,000. లోపల మట్టిరంగు కార్పెట్, మట్టిరంగు సోఫా, మట్టిరంగు పరదాలు. ఎవరో రిటైరైన దంపతులు దాంట్లో కాఫీ, దాల్చినచెక్క వాసన మిగిల్చి వెళ్ళారు. అడిగింది 37,000, తేలింది 33,500.

పాత బండి కొనేవాళ్ళు మైళ్ళు చూస్తారు. నేను టైర్లు చూశాను. టైరు పక్క గోడ మీద డాట్ అని రాసి, చివర్లో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మోటార్‌హోమ్ టైర్లు అరగవు, నిలబడి నిలబడి ఎండిపోతాయి. చూడటానికి కొత్తగా, పూలరేకుల్లా గాట్లు స్పష్టంగా ఉండి లోపల్లోపల చచ్చిపోయి ఉంటాయి. దీని టైర్లకి పదకొండేళ్ళు. ఆరూ మార్చాలి, 3,400. అది ధరలో తగ్గించమని అడగడానికి పనికొచ్చింది. బండిని అమ్మేవాళ్ళతో సంబంధం లేని మెకానిక్ చేత చూపించాం, 800. ఆయిళ్ళు, బెల్టులు, ఎయిర్ డ్రైయర్, బ్రేకుల సర్దుబాటు 1,700. ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్, వైరింగ్ 600. టెక్సస్ సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం, అంటే 2,094. ఇన్సూరెన్స్ 1,600. మొత్తం 43,694. మిగిలింది 1,306. మా ఇళ్ళ ముందు ఇలాంటి బండి నిలపడానికి కాలనీ అసోసియేషన్లు ఒప్పుకోవు కాబట్టి పార్కింగ్ అద్దె నెలకి 110. ఏడాదికి 14 డాలర్లు తగ్గింది, అది నేను వేశాను.

బండి ధర 45,000 ఉన్న బండిని 45,000 బడ్జెట్‌తో కొనలేం. జీసీడబ్ల్యూఆర్ లెక్క, డబ్బు లెక్క ఒకే రకం లెక్కలు. రెండింట్లోనూ ముందు మనం తప్పించుకోలేనివన్నీ తీసెయ్యాలి. ఆ తర్వాత చేతిలో ఏముందో అదే మనది.

లైసెన్స్ సంగతి కూడా ఉంది. టెక్సస్‌లో 26,000 పౌండ్లు దాటిన మోటార్‌హోమ్ సొంతానికి నడపాలంటే కమర్షియల్ లైసెన్స్ అక్కర్లేదు, కానీ మామూలు క్లాస్ సి సరిపోదు, క్లాస్ బి కావాలి. ట్రైలర్ రేటింగ్ 10,000 దాటితే క్లాస్ ఎ. మా ట్రైలర్ మీద ఉన్న చీటీ 9,990. చాలామంది తయారీదార్లు సరిగ్గా ఆ పది పౌండ్లు తగ్గించి ముద్ర వేసేది ఇలాంటి గీతల కోసమే. మా శకునీ, లైట్ల అతనూ కలిసి పుస్తకం చదివి, పరీక్ష రాసి, ఆ మట్టిరంగు బస్సుని నడిపి చూపించి క్లాస్ బి తెచ్చుకున్నారు.

బెంటన్‌విల్ ప్రయాణం ముందురోజు అన్నీ నింపి, మనుషులందరినీ ఎక్కించి, మళ్ళీ అదే ట్రక్ స్టాప్ కాటా మీదకి వెళ్ళాం. ముందు ఇరుసు 10,140. వెనక ఇరుసు 16,780. ట్రైలర్ ఇరుసులు 7,340. మొత్తం 34,260. జీసీడబ్ల్యూఆర్‌కి ఇంకా 5,240 ఉంది. జీవీడబ్ల్యూఆర్‌కి 2,580 ఉంది. ట్రైలర్ ముక్కు 920, అంటే 11 శాతం, అదీ బాగానే ఉంది. కానీ వెనక ఇరుసుకి 17,500లో 16,780 పోతే మిగిలింది 720. కాబట్టి మాకు మిగిలింది 5,240 కాదు, 2,580 కాదు. 720.

720 పౌండ్లంటే ఏంటో అందరికీ ఒకేలా అనిపించలేదు. మా ఆయనకి నలుగురు మనుషులు. వంటగది వదులుకున్న అమ్మాయికి ఒక చిన్న వాషింగ్ మెషీనూ ఒక గ్రైండరూ. సింహాసనం చేసినాయన ఏమీ అనలేదు కానీ, చీటీ వంక చూసి, “నూట ఎనభై పడుతుంది కదా” అన్నట్టు నా వైపు చూశాడు. పడుతుంది. ట్రైలర్లో పెడితే దాని బరువులో కొంచెమే వెనక ఇరుసు మీదకి వస్తుంది కూడా. లెక్క ప్రకారం కాదనడానికి లేదు.

కానీ సింహాసనం వస్తే దాని వెనకాల ఇంకోటి వస్తుంది. డెన్వర్‌లో ఎవరో రెండు అట్టపెట్టెల పచ్చళ్ళు ఇస్తారు. వచ్చే ఏడాది ఇంకో తెర గీయిస్తాం. టైర్లలో ఒకటి గాలి తగ్గి ఉంటుంది, ఎదురుగాలి ఉంటుంది, కాటా చూపించని బరువులు ఇంకా చాలా ఉంటాయి. ఖాళీగా ఉందంటే నింపాలనిపించడం మనిషి గుణం. ఆ 720ని అలాగే ఖాళీగా ఉంచాలని రాసి, ఆ కాటా చీటీ పక్కనే డ్రైవర్ అద్దం కింద అతికించాను. నలుగురి చేతా సంతకాలు పెట్టించాను కూడా, అకౌంటెంట్‌ని కదా.

మాస్టారికి సోఫా పక్కన బెల్టు ఉన్న సీటు ఇచ్చాం. బండి కదులుతున్నప్పుడు మంచం మీద పడుకోకూడదంటే ముందు అలిగారు. గంటకోసారి ఆపాం. లేచి, నాలుగడుగులు వేసి, బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చి, ఫ్రిజ్‌లోంచి మజ్జిగ తాగి మళ్ళీ కూర్చున్నారు. ఐదున్నర గంటల దారి ఎనిమిది గంటలైంది. ఆర్కన్సా కొండలు దిగుతున్నప్పుడు మా ఆయన ఎగ్జాస్ట్ బ్రేక్ స్విచ్ వేశాడు. వెనకనుంచి ఇంజిన్ గురకలాంటి శబ్దం చేస్తూ బండిని పట్టి ఉంచింది. మాస్టారు కిటికీలోంచి చూస్తూ, “ఏం శ్రుతి అది?” అని అడిగారు. ఎవరం చెప్పలేకపోయాం. ఆయనే హార్మోనియం పెట్టె కాస్త తెరిచి, ఒక మెట్టు నొక్కి, సరిపోల్చుకుని, మూసేశారు.